ఆడవాళ్లు బరువులెత్తడం ఎలా మొదలుపెట్టాలి: మొదటి 12 వారాల పూర్తి వివరం

బరువులెత్తితే చేతులు మగవాళ్లలా తయారవుతాయా? పొట్ట ఒక్కటే తగ్గించుకోవచ్చా? ఇంట్లో చెయ్యొచ్చా? పెళ్లికి మూడు నెలలుంది, సరిపోతుందా? తిప్పితిప్పి అడిగేవి ఈ నాలుగే.

మొదటిది జరగదు. ఆడవాళ్ల రక్తంలో టెస్టోస్టెరాన్ డెసిలీటరుకు సుమారు 15 నుంచి 70 నానోగ్రాములు ఉంటే, మగవాళ్లలో 300 నుంచి 1000 దాకా ఉంటుంది. కండలు తేలాలని ఏళ్ల తరబడి కష్టపడేవాళ్లకే అవి అంత తేలిగ్గా రావు, వారానికి మూడు రోజులు చేసేవాళ్లకు పొరపాటున వచ్చెయ్యవు. రెండోదీ కుదరదు. పొట్ట వ్యాయామం చేస్తే పొట్ట కండ గట్టిపడుతుంది, దాని మీది కొవ్వు మాత్రం ఒళ్లంతా తగ్గుతున్నప్పుడే తగ్గుతుంది.

మిగతా రెండింటికీ అవుననే జవాబు, కాకపోతే ఒక వరస పాటించాలి. ముందు బలం, తర్వాత టేపు, ఆఖర్న అద్దం. మొదటి రోజు నుంచే అద్దంలో ఫలితం వెతికేవాళ్లు మూడో వారానికి నీరసపడి మానేస్తారు.

1. మొదలుపెట్టే ముందు

గర్భిణులు, బీపీ లేదా గుండె జబ్బు ఉన్నవాళ్లు, డిస్క్ జారినవాళ్లు డాక్టరును అడక్కుండా మొదలుపెట్టొద్దు. మామూలు కాన్పయితే సాధారణంగా ఆరు వారాల తర్వాత, సిజేరియన్ అయితే ఇంకా ఆలస్యంగా, డాక్టరు చూసి సరేనన్నాకే మొదలుపెట్టాలి. దగ్గినా తుమ్మినా మూత్రం చుక్కలు పడుతుంటే ఎగిరే వ్యాయామాలు పక్కన పెట్టి, ముందు ఫిజియోథెరపిస్టుకు చూపించుకోండి. అది తగ్గే సమస్యే, సిగ్గుపడి దాచుకుంటేనే ముదురుతుంది.

పరీక్షల్లో హిమోగ్లోబిన్ తప్పనిసరి. 12 కంటే తక్కువుంటే రక్తహీనత కిందే లెక్క. మెట్లెక్కితేనే ఆయాసం వచ్చే ఒంటితో బరువులెత్తితే లోపం మీలో లేకపోయినా "నా వల్ల కాదు" అనిపిస్తుంది. వీలుంటే థైరాయిడ్, విటమిన్ డి, బీ12 కూడా చూపించండి. పీసీఓఎస్ (అండాశయాల హార్మోన్ సమస్య) ఉన్నవాళ్లు నిరభ్యంతరంగా చెయ్యొచ్చు, ఇన్సులిన్ పనితీరుకు బరువులు మేలే చేస్తాయి.

2. సామాను, బట్టలు, నగలు

ఇంట్లో అయితే ప్లేట్లు మార్చుకునే డంబెల్ సెట్టు ఒకటి చాలు. రెండు రాడ్లు, మొత్తం 20 కిలోల ప్లేట్లు, అందులో ఒక కిలోవి, అర కిలోవి ఉండేలా చూసుకోండి. కొనేదాకా వీపు బ్యాగులో 5 కిలోల బియ్యం ప్యాకెట్టు, నీళ్లు నింపిన 5 లీటర్ల క్యాన్లు పనికొస్తాయి. నీళ్లు లీటరుకు కిలో, కాబట్టి లెక్క తప్పదు.

బాగా పట్టి ఉంచే స్పోర్ట్స్ బ్రా కొనండి, దీని దగ్గర పిసినారితనం వద్దు. మడమ దగ్గర మెత్తగా లేచి ఉండే రన్నింగ్ షూ కంటే వట్టి కాళ్లే నయం.

ఎవరూ చెప్పనివి కొన్ని:

- గాజు గాజులు తీసెయ్యండి. డంబెల్ భుజం దగ్గరికొచ్చినప్పుడు పగిలి గుచ్చుకుంటాయి.
- మంగళసూత్రం, నల్లపూసలు తియ్యడం ఇష్టం లేకపోతే బ్రా లోపలికి దోపుకోండి. వంగినప్పుడు వేలాడి బరువుకు చుట్టుకుంటే ప్రమాదం.
- మెట్టెలు ఒత్తుకుంటుంటే ఆ గంటసేపు తీసి పెట్టుకోవచ్చు.
- జుట్టు ముడి వెనక వేస్తే పడుకుని చేసేటప్పుడు మెడ ఎత్తవుతుంది. జడ వేసి పక్కకు వేసుకోండి.
- చున్నీ పక్కన పెట్టాల్సిందే.

జిమ్‌లో చేరేముందు ట్రైనర్‌ని మూడు ప్రశ్నలడగండి. ఏ రోజు ఏం చెయ్యాలో రాసిస్తారా? ఆడవాళ్లకూ స్క్వాట్ రాక్ (బరువుతో గుంజీలు తీసేందుకు రాడ్డు ఆనించే స్టాండు) వాడనిస్తారా, లేక ట్రెడ్‌మిల్ దగ్గరే నిలబెడతారా? సరిదిద్దేటప్పుడు చెయ్యి వేసేముందు అడుగుతారా? మూడో ప్రశ్నకు మొహం చిట్లిస్తే వేరే జిమ్ చూసుకోండి.

3. మొదటి రోజు రాసుకోవాల్సినవి

ఒక నోట్‌బుక్ కేటాయించండి. ఉదయం, కాలకృత్యాలయ్యాక, ఏమీ తినకముందు టేపుతో కొలవండి:

- నడుము: బొడ్డు దగ్గర, ఊపిరి మామూలుగా వదిలాక. పొట్ట లోపలికి లాక్కోవద్దు.
- తుంటి: వెనక అన్నిటికంటే ఎత్తుగా ఉన్నచోట.
- తొడ, దండచెయ్యి: రెండూ కుడివైపే, ప్రతిసారీ అదే చోట.

రెండు వారాలకోసారి కొలిస్తే చాలు. మన దేశపు ఆడవాళ్లకు నడుము 80 సెంటీమీటర్లు దాటితే షుగరు, గుండె జబ్బుల ముప్పు పెరిగినట్టు లెక్కిస్తారు. అందం సంగతి ఎలా ఉన్నా ఈ ఒక్క అంకె మీద కన్నేసి ఉంచండి.

బరువు చూసే మెషీన్ మీద మొదటి నెల నమ్మకం పెట్టుకోవద్దు. కొత్తగా శ్రమ పడిన కండ నీరు పట్టుకుంటుంది, నెలసరి ముందు ఒళ్లంతా నీరు పడుతుంది. ఈ రెండూ కలిసి కిలో, రెండు కిలోలు పెంచగలవు. అది కొవ్వు కాదు.

4. వార్మప్: 6 నిమిషాలు

రెండు నిమిషాలు చురుగ్గా నడక లేదా మెట్లెక్కి దిగడం. తర్వాత బరువు లేకుండా 10 గుంజీలు, గోడకు 10 పుషప్‌లు, చేతులు వెనక్కీ ముందుకీ 10 సార్లు తిప్పడం. ఆపైన ఆ రోజు మొదటి వ్యాయామాన్ని సగం బరువుతో 8 సార్లు. అంతే. అరగంట వార్మప్ చేసి అసలు పనికి ఓపిక లేకుండా చేసుకోవద్దు.

5. నేర్చుకోవాల్సిన కదలికలు

ఈ భాగాన్ని తొందరపడి చదవొద్దు. మొదటి రెండు వారాలు బరువు పెంచకుండా ఇవి ఒంటబట్టించుకోవడమే పని.

5.1 గాబ్లెట్ స్క్వాట్. డంబెల్‌ని నిలువుగా రెండు చేతులతో గుండెకు ఆనించి పట్టుకోండి. పాదాలు భుజాలంత ఎడం, వేళ్లు కాస్త బయటికి. వెనక కుర్చీ పెట్టుకుని, మూడు లెక్కపెడుతూ కిందికి వెళ్లి, కుర్చీకి తగిలీ తగలకుండా లేవండి. మోకాళ్లు కాలి చిటికెన వేలి వైపు వెళ్లాలి.

మడమలు లేస్తున్నాయా? చీలమండలు బిగుసుకున్నాయన్నమాట. ఏళ్లుగా నేల మీద కూర్చోవడం మానేసినవాళ్లకు ఇది మామూలే. మడమల కింద ఒకటి రెండు సెంటీమీటర్ల చెక్క లేదా చిన్న ప్లేటు పెట్టుకోండి. మోకాళ్లు లోపలికి ముడుచుకుంటుంటే బరువు తగ్గించి, మోకాళ్ల పైన రబ్బరు బ్యాండు వేసి దాన్ని బయటికి నెడుతూ చెయ్యండి. మోకాలు కాలివేళ్లను దాటకూడదన్న మాట పట్టించుకోనక్కర్లేదు. మడమ నేల మీదుండి, నొప్పి లేనంతవరకు దాటినా ఏం కాదు.

5.2 రొమేనియన్ డెడ్‌లిఫ్ట్. ఎక్కువమంది తప్పుగా చేసేదీ, సరిగ్గా వస్తే తొడల వెనక, పిరుదుల ఆకారాన్ని బాగా మార్చేదీ ఇదే. గోడకు జానెడు దూరంలో, గోడకు వీపు పెట్టి నిలబడండి. మోకాళ్లు కొద్దిగా వదులు చేసి, పిరుదులతో గోడను తాకడానికి తుంటిని వెనక్కి నెట్టండి. ఛాతీ దానంతటదే ముందుకు వంగుతుంది, మీరు వంచకూడదు. డంబెల్స్ తొడల మీదుగా జారుతూ మోకాలి కిందికి రాగానే ఆగి, పిరుదులు బిగించి లేవండి.

వీపు తిన్నగా ఉందో లేదో చూసుకోవడానికి చీపురు కర్ర చాలు. తల వెనక, రెక్క ఎముకల మధ్య, నడుము చివర ఎముక, ఈ మూడు చోట్లా తగులుతూ ఉండాలి. ఒక్కచోట వీడినా వీపు గుండ్రమైనట్టే. తొడ వెనక లాగితే సరిగ్గా చేస్తున్నారు. నడుములో లాగితే వీపు గుండ్రమవుతోందన్నా కావాలి, బరువు ఒంటికి దూరంగా పోతోందన్నా కావాలి.

5.3 పుషప్. మోకాళ్ల మీద చేసే పుషప్ కంటే ఎత్తు మీద చేసేదే మేలు, ఒళ్లంతా ఒకే గీతలో ఉండటం దానితోనే అలవాటవుతుంది. మొదట గోడ, తర్వాత వంటింటి గట్టు, తర్వాత కదలని మంచం పట్టె, ఆపైన నేల. మోచేతులు పక్కలకు పూర్తిగా తెరుచుకోకుండా, ఒంటికి అతుక్కోకుండా మధ్యలో ఉండాలి. ముందు తాకాల్సింది ఛాతీ, గడ్డమో పొట్టో కాదు. ఒక ఎత్తులో 12 చొప్పున మూడు సెట్లు (ఆగకుండా చేసే ఒక విడత ఒక సెట్టు) శుభ్రంగా వచ్చాక కింది మెట్టుకు దిగండి.

5.4 ఒంటిచేతి రో. ఒక చెయ్యి మంచం మీద ఆనించి, రెండో చేత్తో డంబెల్‌ని తుంటి వైపు లాగండి. భుజం వైపు లాగితే మెడ పట్టేస్తుంది. పైన ఒక్క క్షణం ఆపండి. వెనక మెడ కిందికి కట్ చేసిన జాకెట్టు వేసుకున్నప్పుడు వీపు బాగుండాలని కోరుకునేవాళ్లు ఏటవాలు క్రంచ్‌లకు (పడుకుని పొట్ట బిగిస్తూ పక్కకు లేచే వ్యాయామం) పెట్టే టైము దీనికి పెట్టండి. జిమ్‌లో అయితే లాట్ పుల్‌డౌన్ (పైనున్న రాడ్డును కిందికి లాగే మెషీన్) కూడా చెయ్యొచ్చు, రాడ్డును కాలర్ ఎముక దగ్గరికి లాగాలి, మెడ వెనక్కి కాదు.

5.5 షోల్డర్ ప్రెస్. నిలబడి, పిరుదులు బిగించి, రెండు డంబెల్స్ భుజాల దగ్గర నుంచి పైకి. నడుము విల్లులా వంగుతోందంటే బరువు ఎక్కువైనట్టే. భుజం గుండ్రంగా తేలితే నడుము సన్నగా కనపడుతుంది, ఒక్క సెంటీమీటరు తగ్గకపోయినా సరే.

5.6 హిప్ థ్రస్ట్. మోకాలి ఎత్తు మంచం లేదా బెంచీ అంచుకు రెక్క ఎముకల కింది భాగం ఆనించి, తుంటి ఎత్తండి. పైకి లేచినప్పుడు మోకాలి కింది కాలు నిట్టనిలువుగా ఉండాలి, గడ్డం ఛాతీ వైపు. పైన రెండు లెక్కపెట్టండి. తొడ ముందు మండుతుంటే పాదాలు కాస్త దూరం జరపండి, తొడ వెనక పట్టేస్తుంటే దగ్గరికి జరపండి.

5.7 మోత, ప్లాంక్. రెండు చేతుల్లో బరువులు పట్టుకుని, భుజాలు కిందికి వదిలి 30 మీటర్లు నడవడం. ఒంటి పక్కన బిందె పెట్టుకున్నట్టు ఒరగకుండా నడవాలి. ప్లాంక్ 20 సెకన్లతో మొదలుపెట్టి 40 దాకా. రెండు నిమిషాలు పట్టుకోవడంలో లాభమేమీ లేదు.

6. వారానికి మూడు రోజులు

మధ్యలో ఒక రోజు ఖాళీ వచ్చేలా చూసుకోండి, ఉదాహరణకు సోమ, బుధ, శుక్ర. రెండు జాబితాలు మార్చి మార్చి చెయ్యాలి.

జాబితా అ: గాబ్లెట్ స్క్వాట్, రో, పుషప్, మోత.
జాబితా ఆ: రొమేనియన్ డెడ్‌లిఫ్ట్, షోల్డర్ ప్రెస్, హిప్ థ్రస్ట్, ప్లాంక్.

మొదటి బరువులు ఇలా ఉంటే చాలామందికి సరిపోతాయి: స్క్వాట్ 5 కిలోలు, డెడ్‌లిఫ్ట్‌కు చేతికి 5, రోకు 4 లేదా 5, ప్రెస్‌కు చేతికి 2, హిప్ థ్రస్ట్ బరువు లేకుండా.

- 1–4 వారాలు: 2 సెట్లు, 10 నుంచి 12 సార్లు. ఇంకో మూడు చెయ్యగలననిపించినప్పుడే ఆపాలి.
- 5–8 వారాలు: 3 సెట్లు, 8 నుంచి 10 సార్లు. ఇంకో రెండు మిగలాలి.
- 9–11 వారాలు: స్క్వాట్, డెడ్‌లిఫ్ట్ 3 సెట్లు, 6 నుంచి 8 సార్లు. మిగతావి పాత లెక్కే.
- 12వ వారం: అవే బరువులు, సెట్లు సగం. ఒళ్లు తేరుకోవడానికి.

పెద్ద వ్యాయామాల మధ్య 90 సెకన్ల నుంచి 2 నిమిషాలు కూర్చోండి. సెట్ల మధ్య కూర్చోవడం బద్ధకం కాదు, అలా కూర్చోకపోతే రెండో సెట్టులో బలం రాదు. మొత్తం 45 నిమిషాలు దాటనక్కర్లేదు.

7. బరువు ఎప్పుడు పెంచాలి

అన్ని సెట్లలోనూ పై అంకె (12 అయితే 12) వరసగా రెండుసార్లు శుభ్రంగా వస్తే పెంచండి. కాళ్లకు 2 కిలోలు, చేతులకు ఒక కిలో.

ఇక్కడ చాలా జిమ్‌లలో ఒక చిక్కుంది. డంబెల్స్ 5 తర్వాత నేరుగా 7.5 ఉంటాయి. అంకె చూస్తే చిన్నదే, ప్రెస్ చేసేవాళ్లకు అది ఒకేసారి సగం బరువు పెంచినట్టు. అలాంటప్పుడు 5 కిలోలతోనే 15 సార్ల దాకా వెళ్లి, కిందికి నాలుగు లెక్కపెడుతూ దించి, ఆపైన 7.5తో 5 లేదా 6 సార్లతో మొదలుపెట్టండి.

రెండు నెలలుగా అదే గులాబీ రంగు 2 కిలోల డంబెల్ పట్టుకుని "మార్పు రావట్లేదు" అనేవాళ్లకు ప్లాన్ మార్చనక్కర్లేదు, డంబెల్ మార్చాలి.

8. కంచంలో ఏముండాలి

కిలో బరువుకు 1.2 నుంచి 1.6 గ్రాముల ప్రోటీన్. 60 కిలోలుంటే రోజుకు 72 నుంచి 96 గ్రాములు. మన తిండిలో అన్నానికి కొదవ లేదు, తక్కువయ్యేది ఇదే. మూడు ఇడ్లీలూ కొబ్బరి చట్నీతో ఆరేడు గ్రాములు కూడా కష్టం. పప్పుచారు గరిటెడు పోసుకుని పప్పు తిన్నామనుకుంటాం, అందులో ఉండేది చాలావరకు నీళ్లే.

శాకాహారుల ఒక రోజు లెక్క, అన్నీ వండకముందు తూకం:

- ఉదయం: 80 గ్రాముల పెసలతో రెండు పెసరట్లు, సుమారు 19 గ్రాములు
- మధ్యాహ్నం: 40 గ్రాముల కందిపప్పుతో ముద్దపప్పు (9), 75 గ్రాముల బియ్యం (5), 40 గ్రాముల మీల్‌మేకర్ కూర (20), 200 గ్రాముల పెరుగు (7)
- సాయంత్రం: గ్లాసు పాలు (8), గుప్పెడు వేరుశనగలు (7)
- రాత్రి: రెండు చపాతీలు (6), 75 గ్రాముల పనీర్ (13)

కూడితే 94 దాకా వస్తుంది. గుడ్డుకు 6, 150 గ్రాముల పచ్చి చికెన్ ముక్కలకు సుమారు 33 వేసుకుని మాంసాహారులు దీన్నే మార్చుకోవచ్చు. వే ప్రోటీన్ పాల నుంచి తీసిన పొడి, హార్మోను కాదు. తిండితో అందకపోతే ఒక స్కూప్ వేసుకోవచ్చు.

ఇంట్లో అందరికీ వడ్డించాక ఆఖర్న తినే అలవాటుంటే, మీ గుడ్లో పనీరో ముందే ఒక గిన్నెలో తీసి పెట్టుకోండి. మిగిలితే తిందామనుకుంటే మిగలదు. శనివారాలు, కార్తీక సోమవారాలు ఉపవాసం ఉండేవాళ్లు ఆ రోజును ఖాళీ రోజుగా వేసుకోండి, ఖాళీ కడుపుతో స్క్వాట్‌లు పెట్టుకోవద్దు.

సన్నబడాలనుకున్నా వారానికి అర కిలో మించి తగ్గకూడదు. అంతకంటే వేగంగా పోయేదాంట్లో కండ కూడా ఉంటుంది, మొహం పీక్కుపోవడం, జుట్టు రాలడం అక్కడే మొదలవుతాయి. మూడు నెలలు నెలసరి రాకపోతే గర్భం కాదని చూసుకుని, తిండి పెంచి, డాక్టరును కలవండి.

9. నెలసరి రోజుల్లో

చెయ్యొచ్చు. మొదటి రెండు రోజులు నొప్పి ఎక్కువుంటే బరువు పావు వంతు తగ్గించండి, లేదా ఆ రోజు వదిలేసి తర్వాతి రోజు అదే జాబితా చెయ్యండి. నోట్‌బుక్‌లో తేదీ పక్కన గుర్తు పెట్టుకుంటే, మూడో నెలకు ఏ వారం బలం ఎక్కువుంటోందో మీకే తెలుస్తుంది. నెలసరి వారం టేపు మాత్రం ముట్టుకోవద్దు.

10. అద్దం, ఫోటోలు, చుట్టాల మాటలు

ఏం మారుతుందో, ఏం మారదో ముందే తెలుసుకుంటే సగం బాధ ఉండదు. భుజాల గుండ్రం, వీపు, పిరుదులు, తొడల బిగువు, నిలబడే తీరు మారతాయి. తుంటి ఎముక వెడల్పు, ఎత్తు, ఒంటి రంగు మారవు. కాన్పు చారలు, తొడల మీది గుంటలు వ్యాయామంతో పోవు, సన్నగా ఉన్నవాళ్లకూ ఉంటాయి. కాన్పు తర్వాత పొట్ట దగ్గర వేలాడేదాంట్లో కొంత కొవ్వు కాదు, సాగిన చర్మం. దాన్ని క్రంచ్‌లతో శిక్షించి లాభం లేదు.

ఫోటోలు ఇలా తియ్యండి:

1. నాలుగు వారాలకోసారి, మధ్యలో పాతవి తెరవకుండా.
2. అదే చోటు, అదే కిటికీ వెలుతురు, అవే బట్టలు.
3. ఫోన్‌ని బొడ్డు ఎత్తులో, రెండు మీటర్ల దూరంలో నిలబెట్టి టైమర్ పెట్టండి. చెయ్యి చాచి తీసే సెల్ఫీలో దగ్గరున్నది ఉబ్బి కనపడుతుంది.
4. ముందు, పక్క, వెనక. పొట్ట లోపలికి లాక్కోకుండా.

ఫోటో కంటే నిజం చెప్పేది కొలతకు కుట్టించిన జాకెట్టు. భుజం, చెయ్యి కాస్త బిగుసుకుని, నడుము పట్టీ వదులైతే అనుకున్నట్టే జరుగుతోంది. చెయ్యి బిగుసుకోగానే లావయ్యానని హడలిపోవద్దు, కుట్టు విప్పించుకోండి. పెళ్లికి బ్లౌజులు కుట్టించేవాళ్లు కొలతలు నెల ముందు ఇచ్చి, లోపల ఒకటిన్నర అంగుళం బట్ట వదలమని టైలరుకు చెప్పండి. ఆఖరి నెలలో కొత్త డైట్ మాత్రం మొదలుపెట్టొద్దు.

ఇక పెళ్లిళ్లలో పేరంటాల్లో "చిక్కిపోయావేంటే", "చేతులేంటి అలా అయ్యాయి" అనే మాటలు వస్తూనే ఉంటాయి. చిక్కినా అంటారు, ఒళ్లు చేసినా అంటారు, కాబట్టి ఆ మాటలు కొలబద్ద కావు. "నడుం నొప్పి తగ్గింది పిన్నీ, అందుకే చేస్తున్నా" అని వడ్డన వైపు నడవండి. వాదన పెట్టుకుంటే భోజనం చల్లారుతుంది.

కొన్ని గుర్తులు మాత్రం తేలిగ్గా తీసుకోకూడదు:

- రోజుకు నాలుగైదుసార్లు బరువు చూసుకోవడం
- తిన్నదానికి శిక్షగా వ్యాయామం చెయ్యడం, తిని కక్కడం
- ఒళ్లు బాలేదని ఫంక్షన్లకు, ఆఫీసుకు పోకపోవడం
- దాచుకుని తినడం, తిన్నాక గంటల తరబడి కుమిలిపోవడం

ఇవి రెండు మూడు కనిపిస్తే ప్లాన్ ఆపి, సైకాలజిస్టును కలవండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కు ఫోన్ చేస్తే తెలుగులో మాట్లాడతారు, డబ్బు తీసుకోరు.

11. ఆగిపోయే చోట్లు

- రెండో రోజు కాళ్లు పట్టేసి మెట్లు దిగలేకపోవడం: మామూలే. నడవండి, మానొద్దు. మూత్రం ముదురు గోధుమ రంగులో వస్తే, ఒళ్లు వాస్తే వెంటనే ఆసుపత్రికి.
- కీలులో పొడిచినట్టు నొప్పి: కండ మంట వేరు, ఇది వేరు. ఆ వ్యాయామం ఆపండి, వారంలో తగ్గకపోతే చూపించుకోండి.
- ప్రయాణాలు, పండగలు, పిల్లల పరీక్షలు: వారానికి ఒక్క రోజు చేసినా బలం నిలుస్తుంది. మూడు వారాలు పూర్తిగా మానేస్తే బరువు ఐదో వంతు తగ్గించి మళ్లీ ఎక్కండి.
- రోజూ చెయ్యాలన్న ఆత్రం: ఖాళీ రోజున నడవండి. కండ కట్టేది ఆ రోజే.

12. పదమూడో వారం

మళ్లీ కొలిచి, మొదటి పేజీ పక్కన రాయండి. గాబ్లెట్ స్క్వాట్‌లో 16, 18 కిలోలు వచ్చేసరికి కాళ్లకంటే ముందు చేతులు అలిసిపోతాయి. అప్పుడు బార్‌బెల్‌కు (రెండు చివర్లా ప్లేట్లు వేసే పొడవాటి రాడ్డుకు) వెళ్లాలి. ఆడవాళ్ల ఒలింపిక్ రాడ్డు 15 కిలోలు, 25 మిల్లీమీటర్ల మందం. మన జిమ్‌లలో ఎక్కువగా ఉండేది 20 కిలోలది, ఇంకాస్త లావుది. ఏది ఎంతో అడిగి తెలుసుకుని, రాడ్డు బరువు కూడా కలిపి రాసుకోండి.

నేల మీంచి డెడ్‌లిఫ్ట్ చేసేటప్పుడు పెద్ద ప్లేట్లు 45 సెంటీమీటర్ల వ్యాసం ఉంటాయి కాబట్టి రాడ్డు నేలకు సుమారు 22 సెంటీమీటర్ల ఎత్తులో ఉంటుంది. 5 కిలోల చిన్న ప్లేట్లు వేస్తే రాడ్డు బాగా కిందికి దిగి, వంగాల్సి వచ్చి నడుము గుండ్రమవుతుంది. రెండు వైపులా ప్లేట్ల కింద చెక్కదిమ్మలో, పడుకోబెట్టిన ప్లేట్లో పేర్చి ఆ ఎత్తు తెచ్చుకున్నాకే చెయ్యి వెయ్యండి.